ఇంటిపేరుతో వచ్చిన తంటా

యాభైల చివర్లో గుంటూరులో బి.ఏ. చదివేదాన్ని. వినుకొండ దగ్గర పల్లె నుంచి వచ్చిన నాకు ఇంగ్లీషు పేర్లంటేనే వణుకు. ఒకరోజు ఎకనామిక్స్ మాస్టారు నన్ను లేపి, స్వేచ్ఛా వ్యాపారం కోసం పోరాడిన రిచర్డ్ కాబ్డెన్ ఇంటిపేరుతో ఆ విధానానికి ఏ పేరొచ్చిందని అడిగారు.

"రిచర్డిజమండి!" అన్నాను.

క్లాసంతా గొల్లుమంది. సిగ్గుతో చచ్చిపోయాను. చదువు మానేసి ఊరెళ్లిపోదామనుకున్నాను.

"ఎందుకలా అనుకున్నావమ్మా?" అన్నారు మాస్టారు.

"ఇంటిపేరు ముందుంటుంది కదండీ!"

ఆయన నవ్వినవాళ్లవైపు తిరిగి, "మీలో ఇంటిపేరు చివర రాసుకునేవాళ్లు లేవండ్రా!" అన్నారు. ఒక్కడూ లేవలేదు.

"వాళ్ల దేశంలో చివరుంటుందమ్మా, అంతే" అంటూ బోర్డు మీద 'కాబ్డెనిజం' అని రాశారు.

'ఎందుకలా అనుకున్నావమ్మా?' అని ఆయన అడిగిన ఆ ప్రశ్నే నన్ను కాలేజీలో నిలబెట్టింది. తర్వాత నేనూ టీచర్నయ్యాను. పెళ్లితో నా ఇంటిపేరు మారింది గానీ, తప్పు చెప్పిన పిల్లల్ని ముందుగా అడిగేది మాత్రం ఇప్పటికీ మాస్టారి మాటే.