తీసేసిన బియ్యం ఎవరింటికి పోయాయి

మా వంటక్క పోయింది. మంగళవారం పొద్దున, నేను ఆఫీసుకు బయల్దేరుతుండగా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆమె వంట చేసే నాలుగిళ్ళలో ఒకరు పెట్టారు. దాని కింద వరసగా దణ్ణం బొమ్మలు. ఆ బొమ్మలు ఇంకా వస్తుండగానే ఒకాయన రాశాడు: "లో-కార్బ్ వంట తెలిసిన మనిషి ఎవరైనా ఉంటే చెప్పండి, అర్జెంట్." వెంటనే ముగ్గురు జవాబిచ్చారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏదో రాయబోయి చెరిపేశాను. ఎందుకంటే ఆ కబురు చూసిన నిమిషానికే, ఇకమీదట పనీరు ఎవరు వండుతారన్న ఆలోచన నాకూ వచ్చి పోయింది. అందుకని ఈ కోపంలో పెద్ద వాటా నాదే. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

ఆమెది ఖాజాగూడ. చెరువు పక్క రాళ్ళ వెనక ఇల్లు. నార్సింగిలో మా అపార్ట్‌మెంట్‌కు ఆటోలో వచ్చేది. ఆరేళ్ళు మా ఇంట్లో వండింది. రాగానే చేతులు కడుక్కుని, ఫ్రిజ్ తలుపు తీసి, హాజరు వేసే టీచరమ్మలా ఒక్క నిమిషం అన్నిటినీ చూసేది. కూరలో ఉప్పు ఎప్పుడూ నోట్లో వేసుకుని చూడలేదు. మూత తీసి వాసన చూసేది, అంతే. ఆరేళ్ళలో ఉప్పు తప్పింది రెండు మూడు సార్లు, ఆ రెండు మూడు సార్లూ నేను వంటింట్లో నిలబడి సలహా ఇచ్చాను.

నాకూ మా ఆయనకూ ఒకే నెలలో షుగర్ బయటపడింది. ఇద్దరం అన్నం మానేశాం. మానేశాం అంటే తీసేశాం, ఆ చోట ఏం పెట్టాలో తెలియదు. నాకు కొవ్వంటే భయం. తెల్లసొనలు ఉడకబెట్టుకుని, చప్పటి చికెన్ ముక్కలూ కీరా ముక్కలూ డబ్బాలో పెట్టుకుని హైటెక్ సిటీకి పోయేదాన్ని. నాలుగయ్యేసరికి కళ్ళు బైర్లు కమ్మేవి, మీటింగులో ఎదురుగా ఉన్న బిస్కట్లు ఎవరు తిన్నారో నాకే తెలియకుండా అయిపోయేవి. మా ఆయనది ఇంకో పిచ్చి. ఎవరో వీడియోలో చెప్పారని కాఫీలో వెన్న వేసుకున్నాడు, ప్రతి ముద్దకూ నెయ్యి పోసుకున్నాడు, జీడిపప్పు గుప్పెళ్ళతో బుక్కాడు. నెల తిరిగేసరికి బరువు పెరిగి, పొట్ట పట్టుకుని కూర్చున్నాడు.

వంటక్క నెల రోజులు నోరెత్తలేదు. ఒకరోజు నేను పచ్చసొనలు సింకులో వేస్తుంటే చెయ్యి పట్టుకుంది.

"మేడమ్, గుడ్డు కోడి పెట్టినట్టే తినాలె. సగం పారేసి సగం తింటే ఆకలి ఎట్ల పోతది? బియ్యం తీసిన జాగ ఉత్తగ ఉండదు. నువ్వు పెట్టకపోతే బిస్కట్ వచ్చి కూసుంటది."

"మరి సార్‌కేం చెప్తావు?"

"సార్ ఆ జాగల నెయ్యి డబ్బా మొత్తం పెట్టిండు. గుడ్డు, చికెన్, పనీరు పూటకు ఇంత అని పెట్టుకోవాలె. అది తగ్గద్దు, మస్తుగ పెరగద్దు. నెయ్యి, నూనె మాత్రం ఆకలి చూసి వెయ్యాలె. కడుపు నిండినంక ఇంకెందుకు?"

తర్వాత మేం అపాయింట్‌మెంట్ తీసుకుని కలిసిన డైటీషియన్ కూడా ఇదే చెప్పింది, కాకపోతే ఇంగ్లీషులో, రంగుల చార్టుతో. మాంసకృత్తులు మీ బరువును బట్టి ఇంత అని ఖాయం, కొవ్వు ఆకలిని బట్టి అటూ ఇటూ. ఆ చార్టు ఫ్రిజ్‌కు అంటించాం. వంటక్కకు దానితో పనిలేదు. ఎవరు డబ్బాలో ఏం మిగిల్చి తెచ్చారో చూసి, మర్నాడు అర చెంచా నెయ్యి తగ్గించేది, లేదా పిడికెడు పల్లీలు వేసేది. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఆ పని ఆమె నాకన్నా బాగా చేసేది.

ఒక పొద్దున చీర కట్టుకుంటుంటే చెమటలు పట్టి, చేతులు వణికి మంచం మీద కూలబడ్డాను. ఆమె గరిటె పడేసి వచ్చి, నా మొహం చూసి, చక్కెర నీళ్ళు తాగించింది.

"షుగర్ పడిపోయింది మేడమ్. అన్నం బంద్ చేసినవు, గోలి మాత్రం పాత లెక్కనే మింగుతున్నవు. డాక్టర్ సాబ్‌కు ఫోన్ చెయ్యి."

చేశాను. డాక్టరుగారు తిండి మార్చేముందు తనను అడగనందుకు చీవాట్లు పెట్టి, మాత్ర సగం చేశారు. మా వంటావిడ సగం డాక్టరు అని ఆఫీసులో నవ్వుతూ చెప్పుకున్నాను. అందరూ నవ్వారు. ఆమెకు ఆ సంగతి ఎలా తెలుసని అడగాలని మాత్రం నాకు తోచలేదు. లక్ష రకాల ప్రశ్నలు వేసి జీతం తీసుకునేదాన్ని, ఆ ఒక్క ప్రశ్నకు నోరు రాలేదు.

ఇప్పుడు బియ్యం సంగతి. తణుకు నుంచి మా అన్నయ్య ఏటా రెండు బస్తాలు పంపిస్తాడు. మేం తినం కదా, రెండూ వంటక్కకు ఇచ్చేవాళ్ళం. ఐదో అంతస్తు వాళ్ళు పండక్కి వచ్చిన స్వీటు డబ్బాలన్నీ ఆమెకే ఇచ్చేవారు, "మాకు షుగర్, మీరు తినండి" అని. ఇంకొకరు మైసూర్‌పాక్, ఇంకొకరు మామిడిపళ్ళు. పెట్టే చెయ్యి మాదని ఎంత గర్వమో. మా ఒంటికి పడనిదంతా మూటగట్టి ఆమె చేతిలో పెట్టి, లిఫ్టు దాకా సాగనంపాం.

ఆమె ఏనాడూ వద్దనలేదు. ఒకటి మాత్రం అడిగింది, రెండుసార్లు.

"మేడమ్, గా ఫ్రిజ్ మీది కాయిదం తెలుగుల రాసిస్తవా?"

"నీకెందుకక్కా, అంతా నోటికొచ్చు కదా."

"ఉత్తగనే."

రెండోసారి, ఆదివారం రాసిస్తానన్నాను. ఆదివారాలు వస్తూనే ఉన్నాయి.

మొన్న చలికాలంలో కాలికి గుడ్డ కట్టుకుని వచ్చింది. చెప్పు కరిచిందంది. నేను మందు ట్యూబు ఇచ్చాను. ఇచ్చి, ఆమె చేత టమాటా ఉల్లిపాయ తరిగించుకుని, డబ్బా పట్టుకుని ఆఫీసుకు పోయాను. రెండు వారాల తర్వాత ఒకరోజు ఆమె రాలేదు. ఆమె కూతురు ఫోన్ చేసింది, అమ్మ దవాఖానలో ఉంది, రెండు వేళ్ళు తీసేశారు అని.

వార్డులో మంచం మీద కూర్చుని ఉంది. పక్కన స్టీలు గిన్నెలో అన్నం, దాని మీద పల్చటి పప్పు. నన్ను చూసి ఆ గిన్నెను దుప్పటి చాటుకు జరిపింది. తప్పు చేసినట్టు.

"షుగర్ ఎప్పటి నుంచి అక్కా?"

"ఏడేండ్లాయె."

అంటే మా ఇంటికి వచ్చే ముందు నుంచీ. "ఇన్నేళ్ళు నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమైతుండె మేడమ్?" అంది, నవ్వుతూనే. "మీకు షుగర్ వస్తే బియ్యం మా ఇంటికి వస్తయి. మాకు వస్తే ఏడికి పంపాలె?"

ఆమే మళ్ళీ అంది: "అన్నం తగ్గియ్యమని డాక్టర్ చెప్పిండు. మరి ఆ జాగల ఏం పెట్టుకోవాలె సార్ అని అడిగితే, వెనకాల ఉన్నామెను పిలిచిండు. నేను లేచి వచ్చిన."

ఆ డాక్టరు మీద నాకు పట్టలేనంత కోపం వచ్చింది. బయట వరండాలో ఉన్న జనాన్ని చూశాక, ఆయన్ని అనడానికి కూడా నోరు రాలేదు. ఆయనకు ఒక్కొక్కరికి ఒక్క నిమిషమే. నాకు ఆరేళ్ళున్నాయి. నాలుగిళ్ళ వంటింట్లో ఎవరి పూటకు ఎంత పనీరో, ఎంత నెయ్యో సరితూచి పెట్టిన మనిషి, తన ఇంటికి పోయి మేం ఇచ్చిన బియ్యం వండుకుని తిన్నది. గుడ్లు కొనలేని మనిషి కూడా కాదు. ఇంట్లో బస్తా ఉండగా వేరే తిండి కొనుక్కోవడం ఆమెకు పొగరులా అనిపించి ఉంటుంది. ఆ బస్తా అక్కడ పెట్టింది మేము.

"ఇంటికి రా అక్కా, అన్నీ తెలుగులో రాసిస్తాను," అన్నాను.

"నిదానంగ రాయి మేడమ్, ఫికర్ లేదు," అంది.

ఆ సాయంత్రమే రాశాను. పల్లీలు, శనగలు, గుడ్లు, పెరుగు, ఆకుకూర, ఎంత నూనె, ఎంత అన్నం ఉంచుకోవచ్చు, ముందుగా డాక్టరుకు చూపించి మాత్రల సంగతి అడగాలని కూడా. పావుగంట పట్టింది. ఆరేళ్ళు దొరకని పావుగంట. ఇంటికొచ్చాక ఇద్దామని సంచిలో పెట్టుకున్నాను. ఆమె మళ్ళీ ఇంటికి రాలేదు. కాలి చీము రక్తంలోకి పాకిందన్నారు.

ఇది చదువుతున్న మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు వండుతుంటారు, ఊడుస్తుంటారు. మీరు మానేసినవి వాళ్ళ చేతిలో పెట్టే ముందు, నీకు ఎలా ఉంది అని అడగండి. దానికి చార్టు అక్కర్లేదు.

దినాలకు రమ్మని కూతురు ఫోన్ చేస్తే ఖాజాగూడ వెళ్ళాను. ఆరేళ్ళలో మొదటిసారి. ఇంటి ముందు మా అన్నయ్య పంపిన బస్తాలనే విప్పి, కుట్టి, పట్టాలా పరిచారు. మిల్లు ముద్ర ఇంకా ఆకుపచ్చగా కనిపిస్తోంది. దాని మీదే అందరినీ బంతికి కూర్చోబెట్టారు. నేనూ కూర్చున్నాను. ఈ ఒక్క పూటా అన్నం తిందామనుకున్నాను, ఆమె పేరు చెప్పి.

నా విస్తరి దగ్గరికి వచ్చేసరికి కూతురు అన్నం గిన్నె పక్కకు పట్టుకుంది.

"మీకు వేరే ఉంది మేడమ్. దవాఖానల ఉన్నప్పుడే అమ్మ చెప్పింది, మేడమ్ వస్తే అన్నం పెట్టకుర్రి, ఆమెకు పడదు అని."

లోపలికి వెళ్ళి ఒక పళ్ళెం తెచ్చింది. రెండు ఉడికిన గుడ్లు, పచ్చసొనతో సహా నిలువుగా కోసినవి. పక్కన పిడికెడు పల్లీలు, తోటకూర వేపుడు, దాని మీద కరుగుతున్న అర చెంచా నెయ్యి. సరిగ్గా నా కొలత.

నా సంచిలోంచి ఆ కాగితం తీసి కూతురికి ఇచ్చాను. చేతులు తడిగా ఉన్నాయని ఆమె దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, నడుములో దోపుకుని, పక్క విస్తరికి అన్నం వడ్డించడానికి వంగింది. బంతి పొడుగునా మా అన్నయ్య బియ్యం పొగలు కక్కుతున్నాయి. ఆ రోజు ఆ ఇంట్లో గుడ్లు ఉడికింది నా ఒక్కదానికే.