తాళం మీద నడిచే కారు

1999 జూలై 12, సోమవారం, మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు నేను మొదటిసారి ఆ కారు ఆట ఆడాను. కొండాపూర్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసు మాది. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలను టైపిస్టులు హెడ్‌ఫోనులో విని కొడితే, నేను మళ్లీ విని, తప్పులు దిద్ది, సంతకం పెట్టేదాన్ని. ఫ్లోరు మొత్తానికి ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్ ఒక్కటే. భోజనాల వేళ దాని మీద ఆ ఆట తెరిచేవాళ్లం.

ఆటలో హెడ్‌ఫోను లోంచి పాట వస్తుంటుంది. తాళం దెబ్బ ఎడమ చెవిలో పడితే ఎడమ బాణం, కుడి చెవిలో పడితే కుడి బాణం నొక్కాలి. తాళం తప్పితే కారు గోడకు గుద్దుకుంటుంది. నాది గుద్దుకున్నప్పుడల్లా నా కుడికాలు బల్ల కింద పెడల్ కోసం వెతికేది. మాట సరిగా వినపడకపోతే కాలితో పెడల్ నొక్కి టేపును వెనక్కి తిప్పడం మా అందరికీ అలవాటు.

నాతో పోటీపడేది గుంటూరు నుంచి వచ్చిన టైపిస్టు. మునుపు నర్సు. అన్నం నా పక్కనే కూర్చుని తినేది. ఆమె జీతం మీదే ఇల్లు గడిచేది. జూలై ఆఖరుకు పద్నాలుగు ఆటలు ఆడాం. పదమూడు ఆమే గెలిచింది.

"ఏంది మేడమ్, ఇయ్యాల గూడ ఓడిపోయిన్రా? మీ కారుకు కల్లు పోసిన్రా ఏంది?" అనేది శేరిలింగంపల్లి నుంచి వచ్చే టైపిస్టు పిల్ల.

నేను నవ్వలేదు. గుంటూరావిడ ఆడేటప్పుడు తెర వంక చూడదు. కిటికీ వైపు చూస్తుంది. చూడకుండా ఎలా గెలుస్తుంది? ఆటలోనే మోసం చేసే మనిషి ఫైళ్లలో చేయదా? ఆగస్టు మొదటివారంలో ఆమె ఫైళ్లు పన్నెండు తీసి మొదటి నుంచి విన్నాను. మాటల్లో ఒక్క తప్పూ లేదు. రోగి నంబరు మాత్రం రెండు చోట్ల పక్క గడిలో పడింది. మాటలు అంత బాగా కొట్టే మనిషి గడి తప్పుతుందా? మాటలు ఎవరితోనో కొట్టిస్తోందని నా అనుమానం గట్టిపడింది.

ఆగస్టు 9న ఆమె ఆడుతుండగా, చెంచా పడిపోయినట్టు నటిస్తూ వంగి, హెడ్‌ఫోను వైరు లాగేశాను. కారు మొదటి మలుపులోనే గోడకు తగిలింది. ఆమె ఊరికే బాణాలు నొక్కుతూనే ఉంది.

"ముంగట గోడ ఉంది మేడమ్, కనిపిస్తలేదా?" అని పిల్ల ఆమెను చూసి పకపకా నవ్వింది.

"అక్కా, వైరు ఊడినట్టుందండి. కాస్త పెట్టరూ?" అంది ఆమె, నా వైపు చెయ్యి చాపి.

వెనకాలే మేనేజర్ నిలబడి ఉన్నాడు. అనుమానం వచ్చి, తెర మీద ఎర్రగా, అరచేయంత ఉన్న స్కోరు అంకెలు ఆమెను చదవమన్నాడు. ఆమె జానెడు దూరం దాకా ముఖం తెచ్చి, "ముప్పై" అంది. అక్కడ ఉన్నది ఎనభై ఆరు.

షుగరు ఆమె కళ్లను తినేసింది. ఏడాదిగా చెవులతోనే పని లాక్కొస్తోంది. ఆగస్టు 13న సంచీ సర్దుకుని వెళ్లిపోయింది. వైరు లాగింది నేనేనని నేను ఎవరికీ చెప్పలేదు.

పోయినవి ఇవి. ఆమెకు, రెండేళ్ల నాలుగు నెలల ఉద్యోగం. ఆఫీసుకు, మాట తప్పు కొట్టని టైపిస్టు. నాకు, మధ్యాహ్నం పక్కన కూర్చుని తినే ఒక్క మనిషి.