పెద్దాయన తెప్పించుకున్న పిస్టల్

దోహాలో నేను పనిచేసిన షూటింగ్ క్లబ్బు ఊరి చివర, ఇసుక మొదలయ్యే చోట ఉండేది. సభ్యుల తుపాకులు శుభ్రం చేయడం, చిన్నచిన్న రిపేర్లు చేయడం, వాటిని ఆర్మరీ అనే ఆయుధాల గదిలో పెట్టి తాళం వేయడం నా పని. మిలిట్రీలోనూ నేను చేసింది ఇదే. పెన్షన్ మీద నిజామాబాద్ వైపు మా ఊరికి వచ్చాక ఖాళీగా కూర్చోవడం చేతకాలేదు. సెక్యూరిటీ గార్డు వీసా మీద ఖతార్ వెళ్లి, ఆ క్లబ్బు గేటు దగ్గర నిలబడ్డాను. గేటు నుంచి ఆర్మరీలోకి నన్ను తీసుకెళ్లింది ఒక ఖతారీ పెద్దాయన. నేను మిలిట్రీలో ఏం చేసేవాణ్ణో అడిగి తెలుసుకుని, లోపలికి వెళ్లి మేనేజర్‌తో మాట్లాడి వచ్చాడు. అంతే. అందరం ఆయన్ని బాబా అనేవాళ్లం.

అప్పుడు ఊరంతా తవ్వకాలే. ప్రపంచ కప్పు వస్తోందని ఒకవైపు స్టేడియాలు, ఒకవైపు మెట్రో, ఎటు చూసినా క్రేన్లు. అల్ మన్సూరాలో మా గది నుంచి క్లబ్బుకు వెళ్లే దారి పోయిన వారం ఉన్నట్టు ఈ వారం ఉండేది కాదు. ఎంత తుడిచినా తుపాకుల మీద సన్నటి దుమ్ము పేరుకునేది.

బాబా దగ్గర పాత ఫార్టీఫైవ్ పిస్టల్ ఒకటుండేది. అమెరికా సైన్యం కోసం నూరేళ్ల కిందట పుట్టిన మోడల్. ఫ్యాక్టరీలో తయారైన మామూలు రకం, ఆయన వయసులో ఉండగా కొన్నది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే గలగలమనేది, కానీ దుమ్ములో పడేసి తీసినా పేలేది. దానితో ఆయన కాలిస్తే కాగితం మీద తూట్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. నేను చేరిన కొత్తలో నా కళ్లతో చూశాను.

తర్వాత కుడిచెయ్యి వణకడం మొదలైంది. ముందు కహ్వా, అంటే వాళ్ల కాఫీ, కప్పు పట్టుకున్నప్పుడు తెలిసేది. ఏడాది తిరిగేసరికి దూరం నుంచే తెలిసిపోయేది. మందులతో నెమ్మదిస్తుందే తప్ప పోయే జబ్బు కాదని డాక్టర్లు చెప్పేశారు. ఆయన కొడుకు స్టేడియం పనుల కాంట్రాక్టుల్లో ఊపిరాడకుండా ఉండేవాడు. ఒకరోజు మాత్రం పని మానుకుని క్లబ్బుకు వచ్చి, తుపాకులన్నీ అప్పగించేద్దామని తండ్రికి నా ముందే చెప్పాడు.

"అమెరికా నుంచి కొత్తది వస్తోంది. దానితో కూడా తగలకపోతే నేనే ఇచ్చేస్తా" అన్నాడు బాబా. తండ్రీకొడుకులు మాట్లాడింది అరబ్బీలో. నాకు సగం అర్థమైంది, మిగతా సగం బాబాయే ఉర్దూలో చెప్పాడు. కుర్రతనంలో బొంబాయిలో ఉండి వచ్చినవాడు, మాతో ఉర్దూలోనే మాట్లాడేవాడు.

కొత్తదంటే అదే పాత మోడల్, కాకపోతే కస్టమ్ రకం. ఒక్కో భాగాన్ని చేత్తో రాపిడి పట్టి, వెంట్రుక సందు లేకుండా అమర్చి చేస్తారు. ఆర్డరిచ్చి అప్పటికే చాన్నాళ్లయింది.

కొడుకు నా వైపు తిరిగి ఇంగ్లిషులో అడిగాడు. "అది నిజంగా అంత గొప్పదా? అంత డబ్బు పెట్టడం దండగ కాదా?"

"పని బాగుంటది సార్. తూటాలన్నీ ఒక్క తాన పడ్తయ్."

"ఎవరు కాల్చినా పడతాయా?"

బాబా నా ముఖం వంకే చూస్తున్నాడు. "కాల్చేటోళ్లను బట్టి ఉంటది సార్" అన్నాను. బాబా తల పక్కకు తిప్పుకున్నాడు.

అనుమతులన్నీ అయి పిస్టల్ చేతికొచ్చిన రోజు ఆయన పెట్టె తెరవలేకపోయాడు. నేనే తెరిచాను. ఎన్ని వందల ఆయుధాలు విప్పి బిగించానో లెక్కలేదు గానీ, అటువంటిదాన్ని అంతకు ముందు ముట్టుకోలేదు. పిస్టల్ పైనుండే స్లైడ్ వెనక్కి లాగితే నూనెలో జారినట్టు ఒక్క చప్పుడు లేకుండా వచ్చింది. కానీ లాగడానికి బలం కావాలి. కొత్తలో బిగుతుగా ఉంటుంది, కాలుస్తూ పోతే సర్దుకుంటుంది. బాబా రెండు చేతులతో లాగి చూశాడు, రాలేదు. నవ్వి నా చేతికిచ్చాడు. "నువ్వు కాల్చి మెత్తబరచు."

కొన్ని వారాలు కాల్చాను. మొదట్లో దుమ్ముకు మొరాయించింది, ఒకటి రెండుసార్లు తూటా అడ్డం పడింది. పాతది ఎన్నడూ అలా చేయలేదు. తర్వాత దారికొచ్చింది. వచ్చాక దాని గుణం తెలిసింది. ట్రిగ్గర్ ఎంతవరకు నొక్కితే తెగి తూటా పేలుతుందో వేలికి ముందే తెలిసిపోయేది. నేను అంత గొప్ప గురికాణ్ణి కాను. అయినా కాగితం మధ్యలో పడ్డ తూట్లన్నీ కలిసి ఒకే చిరుగైపోయాయి. ఆ కాగితం బాబాకు చూపిస్తే పిల్లాడిలా సంబరపడ్డాడు.

ఆ మరుసటి రోజే ఆయన కాల్చాడు. కాగితానికి తగిలినవి తక్కువ.

"దీనిలో ఏదో తేడా ఉంది" అన్నాడు. గురి చూసే వెనక సైటు మార్చాను. పిడి చెక్కలు సన్నవి వేశాను, తర్వాత లావువి వేశాను. కాస్త బరువుంటే చెయ్యి నిలుస్తుందంటే బరువు కట్టాను. ప్రతిసారీ గుమ్మంలోంచే "అయిందా?" అంటూ వచ్చేవాడు. ప్రతిసారీ కాల్చాక కాగితం దగ్గరికి వెళ్లి, దాన్ని ముట్టుకోకుండా నిలబడిపోయేవాడు. వారానికోసారి వచ్చేవాడు కాస్తా రోజూ రావడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఇనప గుండు పట్టుకుని చెయ్యి చాచి నిలబడుతున్నాడని డ్రైవర్ చెప్పాడు. క్లబ్బుకు బయల్దేరే ముందు మందు బిళ్లలు డాక్టరు చెప్పినదానికన్నా ఎక్కువ మింగుతున్నాడని కూడా చెప్పాడు. అలా మింగిన రోజుల్లో చెయ్యి కాసేపు నిలిచేది, మాట ముద్దముద్దగా వచ్చేది, కాళ్లు తడబడేవి.

చివరికి ట్రిగ్గర్ మీద పడ్డాడు. "ఇది నొక్కేలోపే చెయ్యి కదిలిపోతోంది. తాకగానే పేలేటట్టు చెయ్యి."

"వద్దు బాబా. వణికే చేతిల గంత తేలిక ట్రిగ్గర్ మంచిది కాదు" అని ఉర్దూలో చెప్పాను. వణికే అన్న మాట ఆయన ముందు అంతవరకు ఎవరూ అనలేదనుకుంటాను. ఆయన నా మోచెయ్యి పట్టుకుని, "ఇన్నాళ్లలో నేను ఇంకేం అడిగాను నిన్ను?" అన్నాడు.

సాయంత్రం మేనేజర్ పిలిచాడు. విజయవాడ మనిషి, మంచివాడే. "ఏంటండీ, బాబాకి కాదన్నారంట?"

"అట్ల చేస్తే ఎవరికో ఒకరికి తల్గుతది సార్."

"ఆయన ఒక్క మాటంటే మీ వీసా, నా వీసా రెండూ క్యాన్సిల్ అవుతాయండీ. మీ ఇష్టం మరి, నేను బలవంతం చెయ్యను."

ఆ పని మాత్రం నేను చెయ్యలేదు. గదికొచ్చి ఇంటికి ఫోన్ చేసి, ఉద్యోగం పోవచ్చని నా భార్యకు చెప్పాను. "దుబాయ్ల గాకపోతే ఇక్కడ బతకమా" అంది. మా వైపు గల్ఫ్ దేశాలన్నీ దుబాయే.

బాబా నా మీద ఎవరికీ ఏమీ చెప్పలేదు. తన పిస్టల్ తాను సంతకం పెట్టి తీసుకుపోయాడు. ఎవరితో చేయించాడో తెలియదు. మళ్లీ వచ్చిన రోజు కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. మాటిచ్చిన పరీక్ష ఆ రోజే. నేను ఖాళీ పిస్టల్ ట్రిగ్గర్ నొక్కి చూశాను. వేలు ఆనీ ఆనకముందే తెగింది. కొడుకును పక్కకు తీసుకెళ్లి, "ఇయ్యాల వద్దు సార్, ఇది చాలా తేలిక చేసిండ్రు" అన్నాను.

కొడుకు తండ్రి వైపు చూశాడు. బాబా అప్పటికే చెవులకు రక్షణ పెట్టుకుని, కాల్చే లేన్లో నిలబడి ఉన్నాడు. ఒంటి మీద ఇస్త్రీ మడతలతో కొత్త తోబు, తెల్లటి పొడుగు అంగీ. "ఒక్క తూటా పెట్టు. ఆయనకే అర్థమవనీ" అన్నాడు కొడుకు.

ఒక్కటే పెట్టాను. బాబా కుడి భుజానికి ఆనుకుని నిలబడ్డాను. పిస్టల్ ఇంకా పైకి లేస్తూండగానే పేలింది. ఎదురుగా ఉన్న సిమెంటు బల్ల అంచు పగిలి, ముక్క ఎగిరి నా కనుబొమ మీద తగిలింది. నా రెండు చేతులతో ఆయన చేతిని కిందికి అదిమి పట్టుకున్నాను. కంట్లోకి రక్తం కారుతోంది. బాబా నన్ను చూడలేదు. దూరంగా ఉన్న కాగితాన్నే కళ్లు చికిలించి చూస్తున్నాడు.

"ఎక్కడ తగిలింది?" అని అడిగాడు.

జవాబు కోసం తలతిప్పి నా ముఖం చూశాడు. తలమీది గుడ్డ, తన గుత్రా, లాగి నా కనుబొమకు అదమబోయాడు. చెయ్యి నిలవక అది నా ముక్కుకు, నోటికి తగులుతోంది. కొడుకు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఆస్పత్రిలో కుట్లు వేసేదాకా ఆయన బయట బెంచీ మీదే కూర్చున్నాడట. నేను బయటకు రాగానే పక్కన కూర్చోమన్నాడు.

"నిజం చెప్పు. ఆ పిస్టల్ పెట్టిన ఖరీదుకు తగిందేనా?"

అబద్ధం చెప్పాలని చాలా అనిపించింది. అది దండగమారిదని, అమెరికావాళ్లు మోసం చేశారని చెబితే తేలికపడేవాడేమో. కానీ ఆయన సగం జీవితం తుపాకులతో గడిపినవాడు, కళ్లలోకి చూసి అడుగుతున్నాడు.

"తగిందే బాబా. దాంట్లో ఏ తప్పూ లేదు."

"నా భయమూ అదే. తప్పుంటే నువ్వు బాగుచేసేవాడివి" అన్నాడు.

లైసెన్సు కొడుకు పేరు మీదికి మారింది. కొడుకు దాన్ని ఒక్కసారీ కాల్చలేదు. ట్రిగ్గర్ మళ్లీ మామూలుగా చేసి, నూనె పట్టించి ఆర్మరీలో పెట్టాను. పాతదీ దాని పక్కనే ఉండేది. కొత్త సభ్యులు చూసి, ఇటువంటిది మేమూ తెప్పించుకోవచ్చా అని అడిగేవారు. చేతిలో పెట్టి కాల్చి చూడమనేవాణ్ణి. కొందరికి తేడా తెలిసేది, కొందరికి తెలిసేది కాదు. తెలియనివాళ్లకు మామూలుదే చాలని చెప్పేవాణ్ణి.

బాబా క్లబ్బుకు రావడం మానేశాడు. శుక్రవారాల్లో ఫోన్ చేసేవాడు. పిస్టల్ తీశావా, తుడిచావా, ఎలా ఉంది అని అడిగేవాడు. విప్పిన ఒక్కో భాగం గురించి చెబుతుంటే వినేవాడు. పోనుపోను మాట స్పష్టత పోయింది. తర్వాత ఆయన మనవరాలు ఫోన్ చేసి, ఆయన చెవి దగ్గర పట్టుకునేది. మధ్యలో చాలాసేపు ఊపిరి మాత్రమే వినిపించేది, ఆ వెనక ఏదో గొణుగుడు. ఏమడుగుతున్నాడో నాకు అర్థమయ్యేది కాదు. ప్రపంచ కప్పు పోటీలు మొదలుకాకముందే కాంట్రాక్టు ముగిసి నేను తిరిగొచ్చేశాను. అప్పటిదాకా ప్రతి శుక్రవారం, ఆయన గొంతు ఆగినచోటల్లా, "అయింది బాబా, తుడిచిన" అంటూనే ఉన్నాను.