ప్లగ్గు పెట్టకముందే తిరిగిన ఫ్యాను

మా మామయ్య కొత్త కన్ను మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కల్పించి చెప్పినా, ఆపరేషన్ చేయించిన ఆ కన్నుతో ఆయన నన్ను చూడనే వద్దు. మా ఇంట్లో ఇంతకంటే పెద్ద ఒట్టు లేదు. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి... తర్వాత నవ్వు రాదు.

మాది ములకలపల్లి పక్కన చిన్న ఊరు. ఇంటి వెనక రెండు చేలు దాటితే అడవే. మామయ్య, అంటే మా ఆయన నాన్న, జీవితమంతా ఫ్యాన్లు, మోటార్లు వైండింగ్ చేశాడు. కాలిపోయిన రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పూసి ఆరబెట్టడం ఆయన పని. కళ్లకు శుక్లాలు వచ్చాక షాపు మూసేశాడు గానీ ఒక అలవాటు మాత్రం పోలేదు. ఏ ఫ్యాను చేతికొచ్చినా, కరెంటు ఇచ్చే ముందు వేలితో అర చుట్టు తిప్పుతాడు. ఆపుతాడు. చెవి ఆనించి వింటాడు. మళ్లీ వెనక్కి అర చుట్టు. మళ్లీ వింటాడు. చివరికి చంటిపిల్లను బుజ్జగించినట్టు "పలుకు తల్లీ" అంటాడు. అప్పుడే స్విచ్చి వేస్తాడు. మా పెళ్లిలో కిరాయికి తెచ్చిన ఫ్యాన్లను కూడా ఒక్కొక్కదాన్నీ ఇలాగే పలకరించాడు. మా అమ్మవాళ్లు బిత్తరపోయారు. నాకు మాత్రం ఆ రోజే ఆయన మీద ప్రేమ పుట్టింది.

ఇక ఆ రాత్రి సంగతి.

జాకెట్ల మీద వేసే ఎంబ్రాయిడరీ డిజైన్లు కంప్యూటర్లో గీసే పని నాకు దొరికేలా ఉంది. ఇంటి నుంచే చేసుకోవచ్చు. కాకపోతే సొంత కంప్యూటర్ ఉండాలి. పని ఇచ్చేవాళ్లు చెప్పిన రోజు పొద్దున, వాళ్లు ఆన్‌లైన్లో చూస్తుండగా ఒక డిజైను గీసి చూపించాలి. తప్పితే ఇంకొకరికి ఇచ్చేస్తారు. భాగాలు విడివిడిగా తెప్పించి, వీడియోలు చూసుకుంటూ ఇంట్లోనే బిగించుకుందామని నేనూ, మా ఆయన నరేషూ అనుకున్నాం. కంప్యూటర్ డబ్బాలో ముందు మూడు, వెనక ఒకటి ఫ్యాన్లుంటాయని తెలిసి మామయ్య మురిసిపోయాడు.

"ఫ్యాన్లు నేనే పెడత బిడ్డా. నేనొచ్చే దాకా కరెంటు ఇయ్యకు" అన్నాడు.

కానీ వానలకు పార్శిళ్లు ఆగి ఆగి వచ్చాయి. ఆఖరిది చేరిన రోజే మామయ్యకు ఖమ్మం కంటి దవాఖానాలో ఆపరేషన్ పడింది. నరేష్ ఆయన్ని తీసుకుని వెళ్లాడు. తెల్లారితే నా పరీక్ష. ఇంట్లో మిగిలింది నేనూ... మా అత్తమ్మ.

చాప పరిచి కూర్చున్నాం. బయట వాన. తలుపులు, కిటికీలు అన్నీ బిగించేశాం. నేను తీగలు పెడుతుంటే అత్తమ్మ టార్చి పట్టింది.

"గింత డబ్బాకు గన్ని ఫ్యాన్లేందే? మనింట్ల నలుగురికి ఒక్కటే ఫ్యానాయె."

"లోపల వేడెక్కుతది అత్తమ్మా."

"మరి మీ మామకు రెండు పెట్టియ్యాల్సింది. ఎప్పుడు జూసినా వేడి మీదనే ఉంటడు."

నవ్వుకుంటూనే బిగించాం. పెద్ద తీగ కంప్యూటర్ లోపలి బోర్డు మీద గుచ్చాను... టక్. ప్రాసెసర్‌కు వెళ్లే తీగ... టక్. ఆ చప్పుడు వచ్చిన ప్రతిసారీ అత్తమ్మ "హమ్మయ్య" అంటోంది. వెనక ఫ్యాను చిన్న ప్లగ్గు బోర్డుకు తగిలించాను. ముందున్న మూడు ఫ్యాన్లకు కలిపి ఒక చిన్న పలక ఉంది. దానికి, లోపల అన్నిటికీ కరెంటు పంచే పవర్ బాక్సు నుంచి విడిగా ఒక తీగ రావాలి. ఆ తీగ, బాక్సుతో వచ్చిన నల్ల సంచిలో ఉంది. ఆ సంచేమో... లేదు.

మంచం కింద వెతికాను. బియ్యం డ్రమ్ము వెనక వెతికాను. అత్తమ్మను అడిగితే "నాకేం ఎరుక" అంది. చివరికి గుర్తొచ్చింది. పెళ్లికి ముందు ఆన్‌లైన్ సెంటర్లో పనిచేసినప్పుడు, పాడైపోయిన ఒక కంప్యూటర్‌లోంచి తీసిపెట్టుకున్న తీగ ఒకటి నా పెట్టెలో ఉంది. తీసి చూశాను. అచ్చం అలాంటిదే. గుచ్చితే సరిగ్గా కూర్చుంది. టక్.

"హమ్మయ్య" అంది అత్తమ్మ.

కరెంటు ప్లగ్గు ఇంకా గోడకు పెట్టలేదు. అది నా మోకాలి పక్కన చాప మీద పడి ఉంది. ఇది గుర్తుంచుకోండి... ప్లగ్గు చాప మీద ఉంది.

దాన్ని చేతిలోకి తీసుకున్నాను. లేవబోయాను.

అప్పుడు... వెనక ఫ్యాను కదిలింది.

గిర్రున తిరగలేదు. మెల్లగా... చాలా మెల్లగా... అర చుట్టు. ఆగింది.

గాలేమో అనుకున్నాను. కానీ తలుపులన్నీ వేసే ఉన్నాయి. ముందున్న మూడు ఫ్యాన్లూ కదల్లేదు. దీపం ముందు పెట్టిన అగరుబత్తి పొగ నిటారుగా పైకి పోతోంది.

మళ్లీ కదిలింది. ఈసారి వెనక్కి. అర చుట్టు. ఆగింది. అలా ఆగి... ఎవరో చెవి పెట్టి వింటున్నట్టే ఉంది.

అత్తమ్మ టార్చిని ఆ ఫ్యాను మీదే నిలిపింది. అప్పుడొచ్చింది వాసన... పచ్చి వార్నిష్ వాసన. మామయ్య షాపు మూసి ఏళ్లయింది. ఇంట్లో వార్నిష్ చుక్క లేదు.

అత్తమ్మ ఎదురుగా మనిషి ఉన్నట్టే అడిగింది.

"ఏమయ్యా... నువ్వేనా?"

ఫ్యాను ఇంకో అర చుట్టు తిరిగింది.

టార్చి కింద పడింది. ఇద్దరికీ ఒకటే ఆలోచన వచ్చింది. బయటికి అనలేదు. ఆపరేషన్ బల్ల మీద ఆయనకేమైనా... అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకు నా గాజు ఒకటి చిట్లింది. "చిన్న ఆపరేషనే అన్నరు గదనే" అంటూ ఏడుపందుకుంది. కంప్యూటరూ వద్దు, పనీ వద్దు, ఆయన బతికుంటే చాలు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

ఫోను మోగింది.

నరేష్. ఎత్తడానికి ధైర్యం రాలేదు. మోగుతూనే ఉంది. ఎత్తాను.

"స్వరూపా... నాన్న..." అని ఆగాడు. ఆ ఆగడం నేను జన్మలో మర్చిపోను. "నాన్న నిద్ర పోతలేడు. ఇందాకటి సంది గోల చేస్తున్నడు. నీతోని జల్దీ మాట్లాడాల్నంట."

ప్రాణం లేచొచ్చింది. అత్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "సచ్చినోడు, గుండె ఆగినంత పనైంది" అని తిట్టింది. ఆ తిట్టులో ఎంత ప్రేముందో నాకే తెలుసు.

మామయ్య అందుకున్నాడు. "బిడ్డా, నీ మిషన్ తీగ నా కాడున్నది. మీ అత్త నా గోలీలు, తువ్వాలు గా నల్ల సంచిల పెట్టి పంపింది. అడుగున తీగ తగిలింది. నువ్వేం తీగ పెట్టినవ్ మరి?"

అత్తమ్మ నాలుక కరుచుకుంది. నేను పాత తీగ సంగతి చెప్పాను.

"తీసెయ్. ఏ మిషన్ తీగ ఆ మిషన్‌కే పెట్టాలె. జూడ్డానికి ఒక్క తీరే ఉంటయి, లోపల వరస మారుతది. తీసినవా?"

తీశాను.

"అవ్, గట్ల. ఇగ పండుకోండి." పెట్టేయబోయి మళ్లీ అన్నాడు. "బిడ్డా... ఎనక ఫ్యాను మంచిగనే ఉన్నది. బేరింగు చప్పుడు లేదు."

ఫోను పెట్టేశాడు.

వెనక ఫ్యాను గురించి నేను ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆ ఫ్యాను ఉన్న ఆఖరి పార్శిల్ ఆయన వెళ్లాక వచ్చింది. ఆయన ఒక కంటికి కట్టు, రెండో కంటికి శుక్లం. ఖమ్మంలో మంచం మీద ఉన్నాడు.

ఆ రాత్రి ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. పొద్దున ముందున్న మూడు ఫ్యాన్లకు తీగ పెట్టకుండానే కంప్యూటర్ వేశాను. స్విచ్చి ముందు అత్తమ్మే "పలుకు తల్లీ" అంది. పలికింది. డబ్బా పక్క రేకు తీసేసి, అత్తమ్మ టేబుల్ ఫ్యాను పెట్టి, నేను డిజైను గీసినంతసేపూ కాపలా కూర్చుంది. పని నాకే వచ్చింది. తర్వాత ఆ పాత తీగను రిపేరు షాపులో చూపిస్తే, అది వేరే రకం పవర్ బాక్సుదని, కరెంటు ఇచ్చుంటే బోర్డు కాలిపోయేదని చెప్పారు.

కట్టు విప్పి ఇంటికొచ్చాక మామయ్యను నిలదీశాను. ఆయన సిగ్గుపడ్డట్టు నవ్వాడు.

"నాకేం ఎరుక బిడ్డా? తీగ చేతికి తగిలినంక ఒక్కటే అనుకున్న... కోడలు తొందరపడుతది, ఎవరన్న ఆపుతే బాగుండని. గంతే."

"మరి బేరింగు సంగతి ఎట్ల తెలిసింది?"

"గట్లన్ననా? సూది మత్తుల అన్ననేమో."

అని లేచి, ఆ వెనక ఫ్యానును కొత్త కన్నుతో మొదటిసారి చూశాడు. వేలితో అర చుట్టు తిప్పాడు. చెవి పెట్టి విన్నాడు. చాలాసేపు విన్నాడు. ఏం వినిపించిందో చెప్పలేదు.

ఆ రాత్రి ఫ్యానును తిప్పిందేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. రోజూ స్విచ్చి వేసే ముందు మాత్రం ఒక్క నిమిషం ఆ ఫ్యానునే చూస్తూ కూర్చుంటాను. మళ్లీ ఎప్పుడూ దానంతట అది కదల్లేదు. కదలనంతసేపు నాకు ధైర్యం. అప్పుడు పక్కగదిలోంచి మామయ్య దగ్గు వినిపిస్తుంది... విని, స్విచ్చి వేస్తాను.