కంకరలో తీతువు గుడ్లు

తీతువు కూస్తే చావు తప్పదంటారే, ఆ పిట్టను మీరెప్పుడైనా పగటి వెలుగులో చూశారా?

నేను చూశాను, అమీర్‌పేటలో. సందు సందుకీ కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడుతున్న రోజులవి. మా ఓనరమ్మ తన హాస్టల్ మీద ఇంకో అంతస్తు లేపాలని మేడ మీద కంకర పోయించింది. అంతలో ఆమె భర్తకు గుండె ఆపరేషన్ అన్నారు. పంజాగుట్ట ఆసుపత్రిలో చేర్చారు. పని ఆగింది. మేడ మీద నా అద్దె గదీ, ఆ కంకరా మిగిలాయి. అప్పుడు దిగింది తీతువు.

తల, గొంతు నలుపు. వీపు మట్టిరంగు, పొట్ట తెలుపు. కంటి ముందు ఎర్రటి తోలు మడత, కింద పొడవాటి పసుపు కాళ్లు. చెట్టెక్కదు, నీటి ఒడ్డునో బయలు నేల మీదో నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, వంగి పురుగును ఏరుకుంటుంది. అలాంటి పిట్టకు ఇక్కడేం పని? నన్ను చూస్తే చాలు, నెత్తి మీద తిరుగుతూ ఒకటే గోల. అది వాలి అరిచిన చోటల్లా వెతికాను. ఏమీ లేదు. లేనిచోట అరవడం దేనికో నాకు అంతుబట్టలేదు. ఒక మధ్యాహ్నం అది నీళ్ల ట్యాంకు కింది మడుగులో పొట్ట తడుపుకుని, చప్పుడు లేకుండా వెళ్లి కంకరలో కూర్చుంది. లేచాక చూస్తే, ఆ తడితో చల్లబడుతున్న నాలుగు గుడ్లు, అచ్చం కంకర రాళ్లలా. అరుపంతా నన్ను దారి తప్పించడానికన్నమాట!

ఆపరేషన్ ముందురోజు ఓనరమ్మ చీపురుతో పైకొచ్చింది.

"ఏంటండీ, చావు పిట్టను పెంచుతున్నారా?"

"గుడ్లు తొక్కుతామేమోనని దాని భయమండీ. మీ ఆయన సంగతి దానికేం తెలుసు?"

ఇంకా చాలా వాదించాను. ఆమె చీపురు ఎత్తింది. ట్యాంకులో నీళ్లు చూడ్డానికి వచ్చిన కింది జిరాక్స్ షాపు భాయ్ అడ్డం పడ్డాడు.

"అమ్మా, జర ఆగుండ్రి! గీ పిట్టను మా ఇంట్ల టిటహరి అంటరు. మిద్దె మీద గుడ్లు పెడితే మస్తు వానలు పడతయని మా నానీ చెప్పేది."

"ట్యాంకర్ల బాధ తప్పుతుందా భాయ్? మరి మా ఆయన?"

"సాబ్ వానల తడుసుకుంట ఇంటికొస్తడు. ఫికర్ చెయ్యకుండ్రి."

చీపురు దిగింది.

ఇదీ మూఢనమ్మకమే. ఖండించాలి. ఖండిస్తే గుడ్లు పోతాయి. ఖండించడం మానేసి భాయ్‌కు ట్యాంకు మూత ఎత్తిపెట్టాను. తర్వాత ఆయన ఒక్క చుక్కా తడవకుండానే ఇంటికొచ్చాడు, తీతువు పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని కంకర మీద పరుగులు పెట్టాయి. నా మాట ఆపలేని చీపురును ఆ కట్టుకథ ఎలా ఆపిందో, దానికి నేను సంతోషించాలో సిగ్గుపడాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ కూత మీ మేడ మీద వినబడితే ఎవరినీ అడగకండి. పగలు పైకెక్కండి, అడుగు చూసి వేయండి, గుడ్లు కనబడితే వెనక్కి దిగి మేడ తలుపుకు గొళ్లెం పెట్టండి.