మూడు సీసాల సెలైన్

నా తమ్ముడికి ఆయాసం మొదలైనప్పుడు కారణం నేనే తేల్చేశాను. మిర్యాలగూడ రైస్ మిల్లులో పాతికేళ్లు ఊక బాయిలర్ దగ్గర నిలబడ్డ మనిషి. దుమ్ము కాక ఇంకేముంటుంది? మిల్లుకు దూరంగా ఉంటే తగ్గుతుందని వాణ్ని, వాడి భార్యను కోదాడలో మా ఇంటికి తీసుకొచ్చాను. వచ్చిన రోజే డైరీలో వాడి పేర ఒక పేజీ తెరిచాను. సాగర్ ఎడమ కాలువ మీద నీటిమట్టం చూసి రాయడం నా ఉద్యోగం. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు.

"నా దమ్ము గూడ రాస్తున్నవా అన్నా? కాలువల నీళ్లు అయిపోయినయా?" అని వాడు నవ్వబోయి, దగ్గొచ్చి మంచం పట్టె పట్టుకున్నాడు.

రెండు వారాలైనా తగ్గలేదు. మొదట ఒక దిండు, తర్వాత రెండు, తర్వాత మూడు. చివరికి పడుకుంటే ఊపిరి అందక కూర్చునే కునుకు తీసేవాడు. తిండి తగ్గింది, నీరసం పెరిగింది. మా వీధి ఆర్‌ఎంపీని పిలిచి సెలైన్ పెట్టమన్నాను.

"దమ్మున్న మనిషికి సీసా ఎందుకు సార్?" అని అతను వెనకాడాడు.

"నీరసం కనబడతలేదా? పెట్టు."

మా వైపు నీరసమంటే సీసా ఎక్కాల్సిందే. ఎక్కకపోతే వైద్యం చేయించినట్టే కాదు. పది రోజుల్లో మూడు పెట్టించాను.

మూడోది ఎక్కిన మర్నాడు పొద్దున వాడు "అన్నా, జర..." అని ఆగిపోయాడు. మిగతా మాట రాలేదు. పెదవులు నీలంగా ఉన్నాయి. కారు మాట్లాడి సూర్యాపేట బయల్దేరాం. వెనక సీట్లో మరదలు వాడి వీపు పట్టుకుని కూర్చుంది. "ఇంకెంత దూరం బావా?" అని అడుగుతూనే ఉంది. నేను వాడి ఊపిరులు లెక్కపెట్టాను. నిమిషానికి ముప్పై ఆరు. తర్వాతి నిమిషం ముప్పై తొమ్మిది. ఆ తర్వాత లెక్కపెట్టలేదు.

దవాఖానలో ముందు ఆక్సిజన్ పెట్టారు. డాక్టరమ్మ వాడి మోకాలి కింద, కాలి ముందు ఎముక మీద వేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉంది.

"ఈ వాపు ఎప్పటినుంచి?"

నాకు తెలియదు. లుంగీ కింద ఏముందో నేనెప్పుడూ చూడలేదు. డైరీ అందించాను. నిలబడే చదివింది.

"దిండ్లు మంచిగ రాసిన్రు సార్. పండుకుంటే దమ్ము పెరుగుతుందంటే గుండె గూడ చూడాలె."

ఈసీజీ, ఎక్స్‌రే, గుండె స్కానింగ్ అయ్యాయి. గుండె బలం తగ్గి, నీరు ఊపిరితిత్తుల్లో చేరిందట. దుమ్ము ఒక్కటే కాదు. డాక్టరమ్మ మళ్లీ డైరీ తెరిచింది.

"సెలైన్ ఎవరు పెట్టమన్నరు?"

"ఆర్‌ఎంపీ పెట్టిండు మేడం," అంది మరదలు గబుక్కున.

తలూపితే సరిపోయేది. "నేనే పెట్టమన్న," అన్నాను. మరదలు నా వైపు తిరిగింది.

"సీసా ఎక్కిన ప్రతిసారీ మర్నాటికి దమ్ము పెరిగింది. మీరే రాసిన్రు, చూడండి."

చూశాను. మూడు వరుసలూ నా చేతిరాతే.

నీరు దిగడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. రెండు గంటలు మంచం పక్కన మూత్రపు సంచీ నిండడం చూస్తూ నిలబడ్డాను. అప్పుడు మళ్లీ ఊపిరి లెక్కపెట్టాను. ఇరవై ఆరు.

సాయంత్రానికి వాడికి మాట వచ్చింది. "నోరెండుతున్నదన్నా. నీరసంగున్నది, ఒక సీసా పెట్టమనరాదె."

"సీసా మాటెత్తితే నేనే సంపుత," అంది మరదలు.

"ఆ సీసాలే నిన్ను గీడికి తెచ్చినయిరా," అన్నాను. "పెట్టించింది నేను."

వాడు నా చేతిలో డైరీ వైపు చూశాడు. "రాసినవా?"

"రాసిన."

"అయితే ఇగ మర్సిపోవు."

ఇప్పుడు వాడు మా ఇంట్లోనే ఉన్నాడు. ఉప్పు తగ్గించాం, మాత్రలు వేస్తున్నాం. రోజూ పొద్దున టీకి ముందు బరువు తూచి రాయాలి. రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆగకుండా రమ్మంది డాక్టరమ్మ. నిన్న ఒక కిలో పెరిగాడు. ఇవాళ ఇంకా లేవలేదు. బరువు చూసే మిషన్ మంచం పక్కన పెట్టి కూర్చున్నాను.