అరచేతుల ఎరుపు

ఉద్యోగ విరమణకు ఇంకా పధ్నాలుగు నెలలుండగా, ఆషాఢ మాసంలో ఒక సోమవారం, జీడిమెట్లలోని ఒక చిన్న యూనిట్‌కు వెళ్ళి కార్మికుల మూత్ర నమూనాలు తీసుకురమ్మని నాకు ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను కార్మికుల ఆరోగ్య పరీక్షలు చేసే ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో సీనియర్ కెమిస్టుని. ఏలూరు నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళుగా అదే ల్యాబ్‌లో ఉన్నాను. సీసాలు యాసిడ్‌తో మూడుసార్లు కడిగితే గానీ నేను ముట్టుకోనని అందరూ వెనకాల నవ్వుకునేవారు. ఆ చాదస్తం గురించి నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

మాదాపూర్ ఆఫీసులు పారేసిన కంప్యూటర్ల బోర్డుల నుంచి బంగారం తీయడం ఆ యూనిట్ పని. బోర్డుల అంచున ఉండే బంగారు పూతను గీకి పొడి చేసి, అందులో పాదరసం పోసి పిసుకుతారు. పాదరసం బంగారాన్ని పట్టుకుని వెన్నలా ముద్ద కడుతుంది. ఆ ముద్దను కాలిస్తే పాదరసం ఆవిరై పోతుంది, బంగారం మిగులుతుంది. వాగుల పక్కన ఇసుక కడిగి బంగారం తీసే చిన్న గనుల్లోనూ ఇదే పద్ధతి. అక్కడ కడిగిన నీళ్ళు వాగులో కలిసి, పాదరసం బురదలోకీ, బురదలోంచి చేపల్లోకీ చేరుతుంది. ఇక్కడ వాగుకు బదులు నాలా ఉంది, అంతే తేడా. ఆవిరి మాత్రం ఎక్కడైనా ఒకటే. రంగుండదు, వాసనుండదు. పీల్చినవాళ్ళ రక్తంలో కలిసి మెదడుకూ మూత్రపిండాలకూ పోతుంది.

ఫిర్యాదు ఎండాకాలంలోనే వచ్చింది. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు గారు పద్ధతి ప్రకారం ముందుగా ఒక ఉత్తరం రాశారు, తనిఖీకి వస్తామని. వెళ్ళేసరికి రెండు నెలలు పట్టింది. ఆ సోమవారం ఆవిరిని కొలిచే మీటరు పట్టుకుని యూనిట్ అంతా తిరిగాను. దాదాపు ఏమీ లేదు. పాదరసం వాడకం ఎప్పుడో మానేశామని యజమాని నవ్వుతూ చెప్పాడు. నాకా నవ్వు నచ్చలేదు. కానీ నచ్చకపోవడం రిపోర్టులో రాసే విషయం కాదు.

కార్మికులతో పాటు కంట్రోళ్ళ నమూనాలు కూడా తీస్తాం. కంట్రోల్ అంటే అదే ఊళ్ళో ఉంటూ, అవే నీళ్ళు తాగుతూ, ఆ పని మాత్రం చేయని మనిషి. వాళ్ళతో పోల్చితేనే కార్మికుల అంకెకు అర్థం ఉంటుంది. నలుగురు కావాలి. ఒకరు రాలేదు. ముద్ద కాల్చే పని చేసిన అంజయ్య అప్పటికప్పుడు తన తమ్ముడి భార్యను పిలిపించాడు. ఆమె పేరు స్వప్న. మాదాపూర్‌లో ఒక ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేస్తుంది. ఏసీలో పని, ఇంతకంటే మంచి కంట్రోల్ దొరకదనుకున్నాను. ఫారంలో నివాసం అన్న గడిలో మదీనాగూడ అని రాసుకున్నాను. ఎవరితో కలిసి ఉంటున్నావని అడగలేదు. ఫారంలో ఆ ప్రశ్న లేదు మరి.

ఆమె చంకలో పది నెలల పాప ఉంది. ఒకటే ఏడుపు. అరచేతులు ఎర్రగా ఉన్నాయి. ఆషాఢం కదా, నా చేతులూ అలాగే పండి ఉన్నాయి. అప్పుడే దీనికి గోరింటాకు పెట్టేశావా అని ఆటపట్టించి, నా చెయ్యి పక్కన పెట్టి ఎవరిది బాగా పండిందో చూపించాను. స్వప్న ఏదో అనబోయి ఊరుకుంది. నేను సీసాకు లేబుల్ అంటించే పనిలో పడ్డాను. ఆమెది ఏడో నంబరు.

గురువారానికి ఫలితాలు వచ్చాయి. కార్మికుల అంకెలు ఉండాల్సిన దానికంటే ఎక్కువే, కానీ పాత పాదరసం ఒంట్లోంచి దిగిపోతున్నట్టు ఉన్నాయి. ముగ్గురు కంట్రోళ్ళవి మామూలుగా ఉన్నాయి. ఏడో నంబరు అంజయ్య అంకెకు రెట్టింపు దాటింది. కంట్రోల్‌కు అంత రావడమేమిటి! నమూనా బోర్డులు గీకి పొడి చేసే గది పక్కన ఉన్న బాత్రూంలో ఇచ్చింది, ధూళి పడి ఉంటుందనుకున్నాను. రిజిస్టరులో ‘సీసా కలుషితం, మళ్ళీ తీయాలి’ అని రాసి సంతకం పెట్టాను. మళ్ళీ తీయడమంటే తర్వాతి విడతలోనే, అంటే ఇంకో రెండు వారాలకు.

సంతకమైతే పెట్టాను గానీ మనసు కుదురుగా లేదు. అన్నం ముందు కూర్చున్నా ఆ అంకే, బస్సెక్కినా ఆ అంకే. శుక్రవారం మిగిలిన నమూనాను మళ్ళీ పరీక్షిస్తే అదే అంకె వచ్చింది. శని, ఆదివారాలు ఇంట్లో అందరి మీదా విసుక్కున్నాను. ప్రతి విడతలోనూ బ్లాంక్ అని ఒక సీసా తీసుకెళ్తాం. శుద్ధమైన నీళ్ళు పోసి, అక్కడ మూత తీసి, మళ్ళీ బిగించి తెస్తాం. గాలిలోనో సీసాలోనో దోషముంటే అందులో కనిపిస్తుంది. మా బ్లాంక్ శుభ్రంగా ఉంది. పైగా మిగతా ముగ్గురూ వెళ్ళింది అదే బాత్రూంకు. ఈ మాట నాకు తట్టేసరికి రెండో సోమవారం సాయంత్రమైంది. సీసాలు కడిగించింది నేను. నా సీసాలో తప్పుందని నేనే రాశాను. దానికంటే తేలికైన కారణం నాకు కనిపించలేదన్నమాట.

మర్నాడు పొద్దున్నే ఇన్‌స్పెక్టరు గారిని వెంటబెట్టుకుని మదీనాగూడ వెళ్ళాను. హైవే మీది దుకాణాల వెనక, కిరాయి గదుల వరసలో చివరిది. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ఇల్లు. స్వప్న తలుపు తీసింది. పాప ఆమె చంకలో మెలికలు తిరుగుతోంది. దాని చెయ్యి పట్టుకుని చూశాను. గోరింటాకు ఎనిమిది రోజులకు వెలిసిపోవాలి. ఇది వెలిసిపోలేదు. చర్మమే గులాబీ రంగుకు తిరిగి, వాచి, వేళ్ళ చివర పొట్టు లేస్తోంది. అరికాళ్ళూ అంతే. పాదరసం సోకిన పసిపిల్లలకు ఇలా అవుతుందని ఎప్పుడో పుస్తకంలో చదివాను. కళ్ళతో చూడటం అదే మొదలు.

ఎన్నాళ్ళుగా ఇలా ఉందని అడిగాను.

“నెల దాటింది మేడం. దవాఖానల చూపిస్తే చెమటకాయలని మందు రాసిచ్చిన్రు. నిద్ర పోదు, జర సేపు ఊకోదు.”

మరి ఆ రోజు నాతో ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను. గొంతులో కాస్త కోపం కూడా ఉందేమో.

“చెప్దామనే పాపను పట్టుకొచ్చిన మేడం. మీరు గోరింటాకని నవ్విన్రు. ఇగ నేనేమంట?”

మీటరు తీశాను. నిలబడ్డ ఎత్తులో ముల్లు కదిలింది. పొయ్యి దగ్గర ఇంకొంచెం ఎక్కింది. వంగి, పాప పాకే చాప మీద పెడితే చివరిదాకా పోయి ఆగిపోయింది. చాప ఎత్తితే బండల సందుల్లో పాదరసం పూసలు కనిపించాయి.

అంజయ్య గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు.

“మీ ఉత్తరం వచ్చినప్పటి సంది ఆడ కంపెనీల కాల్చొద్దన్నడు సేటు. ఇంటికాడ కాల్చి తెమ్మన్నడు. పాపకు గిట్లయితదని తెల్వదు మేడం.”

పని నుంచి వచ్చాక వంటపొయ్యి మీదే కాల్చి, ఉక్క పోస్తోందని అతను డాబా మీద పడుకునేవాడు. తమ్ముడు క్యాబు డ్యూటీలో ఉండేవాడు. దోమలని కిటికీ మూసుకుని లోపల పడుకునేది స్వప్న, పాప.

ఆ రోజే పాపను ఆస్పత్రిలో చేర్పించాం. ఇల్లు ఖాళీ చేయించి, చాపా గిన్నెలూ ప్రమాదకర వ్యర్థాల కింద పంపాం. యూనిట్ మూతపడింది. స్వప్న అంకె నెలనెలా తగ్గుతూ వచ్చింది. పాప చేతులు మామూలయ్యాయి, ఏడుపు తగ్గింది, నడక ఆలస్యంగా వచ్చింది. మాటలు ఇంకా రాలేదు. ఎనిమిది రోజులు ముందు వచ్చి ఉంటే తేడా ఉండేదా అని పిల్లల డాక్టరును అడిగాను. చెప్పలేమండీ అన్నారు. అబద్ధం చెప్పనందుకు ఆయన మీద గౌరవం కలిగింది.

ఉద్యోగం వదిలేలోగా రెండు మార్పులు చేయించగలిగాను. పాదరసం ఉందని అనుమానమున్న చోటికి ముందుగా ఉత్తరం వెళ్ళదు. కంట్రోల్ ఫారంలో ‘ఒకే ఇంట్లో ఉండేవారు, వారి పని’ అని ఒక గడి చేరింది. నేర్చుకున్నది చెప్పాలంటే, బ్లాంక్ శుభ్రంగా ఉంటే అంకె నిజం. అప్పుడు మళ్ళీ పరీక్షించాల్సింది సీసాను కాదు, నా ఊహను.

మా రిజిస్టరులో తప్పు రాస్తే చెరపకూడదు, తెల్ల రంగు పూయకూడదు. రాసింది కనబడేలా ఒకే ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం చేయాలి. ఏడో నంబరు ఎదుట అలాగే చేశాను. గీత కింద ‘సీసా కలుషితం’ అన్న నా అక్షరాలు ఇప్పటికీ చక్కగా చదవవచ్చు.